పసుపు సంచి వెనక వరస

తెల్లవారుతూనే అలమేలు పసుపు రంగు గుడ్డసంచి చంకన పెట్టుకుని బయల్దేరింది. ఆ రోజు పెరంబూరులో సర్కారువారి ఉద్యోగ మేళా. కూతురు శరణ్య ఇంజనీరింగు ముగించి రెండేళ్లుగా ఇంట్లోనే ఉంది. భర్త చెంగల్రాయుడు నెలాఖరుకు రైల్వే వర్కుషాపులో రిటైరవుతాడు. ఆ తర్వాత ఇంటికి జీతమంటూ వస్తే శరణ్య వల్లే రావాలి. అందుకే ఆ పిల్ల తలకు పోసుకుని వచ్చేలోగా, వరసలో మొదటి చోటు తాను పట్టి పెడతానంది తల్లి.

కాలేజీ గోడకు మేళా బ్యానరు, పక్కనే మూసిన గేటు. రేషన్ షాపు దగ్గర చేసినట్టే అలమేలు గేటు ముందు సంచి పెట్టి కూర్చుంది. వచ్చినవాడల్లా ఆ సంచిని చూసి, దాని వెనక తన సంచి పెట్టాడు. సంచుల వెనక మనుషులు చేరారు. చూస్తుండగానే వరస మార్కెట్టు దాటి బ్రిడ్జి ఎక్కింది. అలమేలు లేచి నిలబడి చూసింది. ఊళ్లో ఇంతమందికి పని లేదా?

ఒకాయన తన కొడుకును మధ్యలో దూర్చబోతే గొడవైంది. మొదట ఉన్న మనిషి కదా అని అందరూ అలమేలునే తీర్పు చెప్పమన్నారు.

"పని ఎవురికి కావాల్నో వాళ్లే నిలబడాల. ఒకరి చోటు ఇంకొకరికి ఇచ్చేది లే," అందామె.

జనం చప్పట్లు కొట్టారు. తానెవరి కోసం వచ్చిందో ఆ హుషారులో ఆమెకే గుర్తులేదు.

అంతలో శరణ్య ఫోను. "అమ్మా, యాడుండావు? నేను మెయిన్ గేటు కాడ ఉండా. ఈడ పదిమంది కూడా లేరే!"

అలమేలు తల తిప్పి గేటును చూసింది. తాను కూర్చున్నది ఎవరూ వాడని వెనక గేటు ముందు. అప్పటికే పోలీసులు, అంత జనాన్ని కదిలించడం తమ వల్ల కాదని, ఉద్యోగాలిచ్చేవాళ్ల బల్లలన్నీ వెనక గేటు దగ్గరికే మోయించారు. మెయిన్ గేటు మూసేసి, అక్కడున్న ఆ కొద్దిమందినీ ఈ వరస చివరికి పొమ్మన్నారు. శరణ్య పరుగున వచ్చి తల్లి పక్కన దూరబోయింది. ఇందాక కొడుకును దూర్చబోయినాయన గొంతు సవరించుకుని, అలమేలు తీర్పును అలమేలుకే అప్పజెప్పాడు. కూతురు వరస చివరికి, బ్రిడ్జి వైపు నడిచింది.

గేటు తెరిచారు. వెనకవాళ్ల తోపుకి అలమేలు తిన్నగా మొదటి బల్ల ముందు తేలింది. మేళా అధికారిణి షాలిని కాలేజీ మేడ మీంచి అంతా చూసిందట. మేళాల్లో వరసలు నిలబెట్టే మనిషి కోసం ఎన్నాళ్లుగానో వెతుకుతున్నారట. అక్కడికక్కడే ఆ ఉద్యోగపు ఉత్తర్వు అలమేలు చేతిలో పెట్టి ఫొటో తీయించింది.

"పని నాకు కాదు మేడం, నా బిడ్డకి," అంది అలమేలు ఉత్తర్వు వెనక్కి ఇవ్వబోతూ.

ఒకరి చోటు ఇంకొకరికి ఇచ్చేది లేదన్నది మీరే కదా అని షాలిని నవ్వింది. మిగతా బల్లల దగ్గర బయోడేటాలు తీసుకుని, కబురు చేస్తామన్నారు. శరణ్య వంతు వచ్చేసరికి ఆ బల్లలూ మడిచేశారు.

మరుసటి వారం ఎన్నూరు మేళాలో శరణ్య వరస తప్పి రెండడుగులు ముందుకు జరిగింది. విజిల్ మోగింది. ఎదురుగా తల్లి.

"ఎనక్కి పో మా," అంది అలమేలు, కళ్లు తుడుచుకుంటూ.

పెరంబూరు మేళాలో ఒకరికి ఉద్యోగమిచ్చామని సర్కారువారు పేపర్లో అలమేలు ఫొటో వేయించారు. ఇంటి ఇల్లాలిని ఎవరూ నిరుద్యోగిగా లెక్కపెట్టరు కనుక, నిరుద్యోగులు మాత్రం ఒక్కరూ తగ్గలేదు.