లక్ష్మివారం గుమ్మం దాటిన గాలం

ముందే చెబుతున్నాను, నాకు పశ్చాత్తాపం ఏమీ లేదు. మీరంతా టీ గ్లాసులు పట్టుకుని మా ఆవిడ తరఫున తీర్పు చెప్పడానికి సిద్ధంగా కూర్చున్నారని తెలుసు. మొత్తం విన్నాక చెప్పండి. చెప్పినా నేను విననుకోండి, అది వేరే సంగతి.

మందు సీసా దాచుకునే మొగుడికి ఈ బరంపురంలో నలుగురు ఓదార్చేవాళ్ళు దొరుకుతారు. పేకముక్కలు దాచుకునేవాడికైతే పదిమంది స్నేహితులుంటారు. చేపల గాలం దాచుకునే శాకాహారికి మాత్రం ఎవరూ ఉండరు. ఇది అన్యాయమా కాదా?

మా ఇంట్లో ఏడు తరాలుగా ఎవరూ చేప తినలేదు. నేనూ తినను. పట్టి, కొక్కెం తీసి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తాను. ఎరగా నిజం రొయ్య కూడా పెట్టను. రబ్బరు రొయ్య పెడతాను. గోపాలపూర్ ఒడ్డున ఈ విద్యలో నాకు గురువు మసేను. పుట్టినప్పటి నుంచీ సముద్రం మీదే బతికినవాడు. నా రబ్బరు రొయ్యను మొదటిసారి చూసినప్పుడు ఇసకలో కూలబడి నవ్వాడు.

"సావుకారూ, సేపకి రబ్బరు ఎడతావు. పడితే ఒగ్గేస్తావు. మరెందుకొచ్చినావు?"

"ఆనందం కోసం."

"మీ ఇంటికాడ లేదేటి?"

ఈ సంభాషణ నేను ఇంట్లో చెప్పలేదు.

ఇంట్లో అంటే భారతీదేవి. బడా బజార్‌లో కింద మా బట్టల దుకాణం, పైన కాపురం. లారీలు ఆంధ్రా సరిహద్దులో గిరిసోల దగ్గర ఆగి కాగితాలు చూపించినట్టు, నేను మెట్ల దగ్గర ఆగి సంచి చూపించాలి. అందుకే మనసులో ఆవిడను చెక్‌పోస్టు అని పిలుచుకునేవాణ్ణి. ఒకసారి నిద్రలో పైకే పిలిచానట. ఆ వారమంతా చారులో ఉప్పు లేదు.

చెక్‌పోస్టు ఉన్నచోట అడ్డదారి కూడా ఉంటుంది. నా రీళ్ళు కొలత టేపుల డబ్బాలో ఉండేవి. సీసపు గుండ్లు బొత్తాల సీసాలో ఉండేవి. నైలాను దారం దర్జీలకు అమ్మే కండెల మధ్య కలిసిపోయింది. ఎవరో పొరపాటున అది కొనుక్కెళ్ళి పెళ్ళికూతురి జాకెట్టు కుట్టారు. ఆ జాకెట్టు ఈ జన్మలో చిరగదు.

గాలాలు మాత్రం దాచడం కష్టం. మూడు గాలాలు వీధి తలుపు వెనక ఆవిడ అనుమతితో నిలబడి ఉండేవి. నాలుగోది కనబడితే ఆ మూడూ మసేనుకి దానం, నా ఆదివారం గోపాలపూర్ ప్రయాణాలు బంద్ అని ఉగాది నాడు పచ్చడి చేతిలో పెట్టి మరీ తీర్మానం చేసింది. ఆదివారాలు పోతే ఇక నాకు మిగిలేది ఆరు రోజుల కొలత బద్ద. అందుకని బుద్ధిగా ఉందామనే అనుకున్నాను.

కానీ ఫోనులో ఆ నాలుగోదాన్ని చూశాను. పన్నెండడుగులు. విడదీస్తే నాలుగేసి అడుగుల మూడు ముక్కలు. నా పాతవాటితో విసిరితే కొక్కెం మొదటి అలకే తిరిగి వచ్చి నా కాళ్ళ దగ్గర పడుతుంది. ఇది అల అవతల పడేస్తుందట. దాని బొమ్మ చూస్తూ అన్నంలో మజ్జిగ అనుకుని మంచినీళ్ళు కలుపుకుని తిన్నాను. ఆ మర్నాడే ఆర్డరు పెట్టాను. మగాడన్నాక ఆ మాత్రం ధైర్యం ఉండాలి.

అది రాక రాక మార్గశిర బుధవారం వచ్చింది. డెలివరీ ఆయన దుకాణం ముందు నిలబడి "బాబూ, పార్సెల్ ఆసిచ్చి!" అని, పార్సెల్ వచ్చిన సంగతి పై అంతస్తుకి వినబడేలా ఒడియాలో కేకేశాడు.

మార్గశిరం సంగతి మీకు తెలిసిందే. ఇక్కడ ఒడియావాళ్ళ ఇళ్ళలోనూ మన ఇళ్ళలోనూ ప్రతి గురువారం లక్ష్మివారం పూజలు. బుధవారం ఇల్లంతా కడిగి, మూల మూలా దులుపుతారు. లక్ష్మివారం వేకువనే ముగ్గులు, పూజ, పాయసం. ఆ రోజు ఇంట్లోది గుమ్మం దాటకూడదు. పక్కింటివాళ్ళకి చిటికెడు పసుపు కూడా ఇవ్వరు.

ఈ నియమం గుర్తుకు రాగానే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. బుధవారం దులుపుడు గండం గడిస్తే చాలు. లక్ష్మివారం నాడు గాలం దొరికినా ఆవిడ దాన్ని బయటికి పంపడానికి వీల్లేదు. శుక్రవారానికి కోపం సగం చల్లారుతుంది. మిగతా సగానికి ఒక పట్టుచీర ఉంది. నా తెలివికి నేనే వీపు తట్టుకున్నాను.

దుకాణంలో ఒక కర్టెన్ గుడ్డ రోలు ఉంది. ఆకుపచ్చ మీద నారింజ రంగు నెమళ్ళు. రెండేళ్ళుగా దాన్ని చూసి ముఖం తిప్పుకోని గిరాకీ లేదు. దాని అట్ట గొట్టం సరిగ్గా నాలుగడుగులు. మూడు ముక్కలూ అందులోకి దూర్చి, రెండు వైపులా కాగితం కుక్కాను. బరంపురం మొత్తంలో ఇంతకంటే భద్రమైన చోటు లేదు.

ఆవిడ చీపురు పట్టుకుని కిందికి దిగింది. ముందు మేకుకి తగిలించిన నా చొక్కా దులిపింది. రబ్బరు రొయ్య కింద పడింది.

"ఏటండీ ఇది?"

"కీ చైను."

"రొయ్యలాగున్నాది."

"ఇప్పుడదే ఫ్యాషను."

"మార్గశిరంలో, మనింట్లో, రొయ్య ఫ్యాషనా?"

"రబ్బరుదే కదా. శాకాహారం రొయ్య."

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కొక్కెం ముందే తీసేశాను కాబట్టి బతికిపోయాను. చివరికి బీరువా తాళాలు దానికి తగిలించి నడుముకి దోపుకుంది. "బాగున్నాది" అంది. ఆ మాటకే నేను భయపడాల్సింది. గెలిచాననుకున్నాను.

తరవాత రోళ్ళ వంతు. ఒక్కొక్కటీ ఎత్తి దులిపి పెడుతూ నెమళ్ళ దగ్గర ఆగింది.

"ఇది బరువెక్కిందేటి?"

"తేమ పట్టింది."

"ఈ కాలంలో తేమేటి?"

"సముద్రపు గాలి."

"సముద్రం పదహారు కిలోమీటర్ల దూరం."

"గాలికి దూరమేటి? వస్తాది."

"అవున్లెండి. పతీ ఆదివారం మీరే మోసుకొస్తన్నారు కదా" అని రోలు చోటులో పెట్టేసింది. నేను కొలత బద్దతో విసురుకున్నాను.

లక్ష్మివారం పూజ ఘనంగా జరిగింది. అమ్మవారికి కూడా నా గాలం ఇష్టమే అనిపించి మనసారా దండం పెట్టాను. పాయసం రెండుసార్లు వడ్డించుకుని, దుకాణం ఆవిడకి అప్పగించి పైనే ఒక కునుకు తీశాను. లేచి కిందికి దిగేసరికి నెమళ్ళు ఉండాల్సిన చోట గోడ కనబడింది.

"ఆ రోలేదీ?"

"అమ్మీసినాను."

"అమ్మీసినావా? ఆ నెమళ్ళని? ఎవరికి?"

"మసేను పెళ్ళాం ముత్యాలమ్మకి. కొత్తిల్లు కట్టుకున్నారు కదా. రోలు మొత్తం ఆటోలో ఏసుకుని ఎల్లిపోనాది."

"ఇవాళ లక్ష్మివారం! ఇంట్లోంచి చిటికెడు పసుపు పోకూడదన్నావు!"

"ఇంట్లోది పోకూడదండీ. దుకాణంలోది అమ్ముడుపోతే లచ్చిమి వచ్చినట్టే." ఆవిడ నా ముఖంలోకి చూసింది. "ఏం, ఆ రోల్లో మనింటి సామాను ఏటైనా ఉందా?"

మీరే చెప్పండి, ఏమని జవాబివ్వాలి? ఉందంటే నేను పోయాను. లేదంటే గాలం పోయింది. నోరు తెరిచాను, మూశాను. ఒడ్డున పడిన చేప బాధ ఆ క్షణంలో నాకు పూర్తిగా అర్థమైంది.

"లేదు" అన్నాను.

"మరింకేటి. పాయసం ఇంకా ఉంది, తింటారా?"

తినలేదు. పని ఉందని చెప్పి స్కూటరు తీశాను. గోపాలపూర్ దాకా దారిపొడవునా మసేనుతో ఏం మాట్లాడాలో బట్టీ పట్టాను. మన స్నేహం ఏమిటి, ఈ గాలం ఏమిటి, మగాళ్ళకి మగాళ్ళు సాయం చేసుకోకపోతే ఎలా అని కళ్ళనీళ్ళు వచ్చేంత గొప్పగా తయారైంది.

మసేను కొత్తింటి కిటికీలన్నిటికీ అప్పుడే నెమళ్ళు వేలాడుతున్నాయి. వాకిట్లో అతను నా గాలం మూడు ముక్కలూ బిగించి, పన్నెండడుగులూ ఆకాశంలోకి ఎత్తి పట్టుకున్నాడు. చుట్టూ పేటలో సగం మంది ఉన్నారు.

"రా సావుకారూ! నీ కొట్లో గుడ్డ కొంటే గేలం ఊరికే ఇస్తన్నావేటి? రేపు పేటంతా వచ్చీస్తామంతన్నారు."

"మసేనూ, అది నాది."

"అది తెల్దేటి? రబ్బరు రొయ్యలోడు ఇంకెవుడున్నాడు?"

"అయితే ఇచ్చేయి."

మసేను గాలం దించి ముత్యాలమ్మ వైపు చూశాడు. అలలకి భయపడని మనిషి, ఆవిడ వైపు చూసే చూపు చూస్తే నాకు అతని మీద జాలి కలిగింది.

"నాను ఇయ్యను" అంది ముత్యాలమ్మ. "సావుకారమ్మ సెప్పినాది. మా ఆయన పరిగెట్టుకొస్తాడు, ఇయ్యొద్దు, ఆదివారం నానే వచ్చి అట్టుకెల్తానని."

"ఆవిడకి తెలుసా?"

"రోలు ఎత్తినప్పుడే తెలిసిందట. టేపుల డబ్బాలో రీళ్ళు కూడా తెలుసు. పతీ ఆదివారం నీకు ఏటీ పడనేదని నానే కదా ఫోను సేసి సెప్తాను."

మూడేళ్ళుగా నేను ఇంటికి వెళ్ళి చేపలు బాగా పడ్డాయని చెబుతుంటే, అవతల ఈ వార్తలు నడుస్తున్నాయన్నమాట. నేను బట్టీ పట్టిన ఉపన్యాసం అక్కడే మరచిపోయాను.

ఇంటికి వెళ్తూ ఒక నిర్ణయానికి వచ్చాను. దొరికిపోయాక తల వంచితే ఇక జీవితంలో ఎత్తలేం. నేరుగా మెట్లెక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

"అవును, కొన్నాను! మళ్ళీ కొంటాను! ఏం చేస్తావో చేసుకో!"

ఆవిడ పాయసం గిన్నె కడుగుతోంది. "కొనండి. ఎవులొద్దన్నారు?"

"నువ్వే! ఉగాది నాడు!"

"గేలాల మీద కోపం నాకేటండీ?" గిన్నె బోర్లించి ఇటు తిరిగింది. "పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. సముద్రం పదహారు కిలోమీటర్లు. నన్నెన్నిసార్లు తీసుకెల్లారు?"

"చాలాసార్లు."

"రెండు. ఒకటి కార్తీక పున్నమికి, ముప్పై మంది సుట్టాలతో బస్సులో. నానేమో పులిహోర గిన్నె ఒళ్ళో ఎట్టుకుని ఎనక సీట్లో. రెండోది మీ నాన్నగారి అస్థికలు కలపడానికి."

నా చేతులు నడుం మీద నుంచి వాటంతటవే దిగిపోయాయి.

"పతీ ఆదివారం ముస్తాబై ఒక్కరే ఎల్తారు. నానూ వస్తానంటానేమోనని సెప్పులు సేత్తో అట్టుకుని మెట్లు దిగుతారు. నాకు తెలీదనుకున్నారా?"

ఇదొక్కటి మాత్రం దాచకుండా చెబుతాను, సిగ్గేసింది. చెప్పులు చేత్తో పట్టుకుని దిగిన మాట నిజం. నా ఆదివారాలు పోతాయని భయపడ్డానే గాని, ఆవిడకి ఆదివారాలే లేవన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. ఓడిపోయానని మాత్రం అప్పటికీ ఒప్పుకోలేదు.

ఆదివారం ఇద్దరం స్కూటరు మీద వెళ్ళాం. ముత్యాలమ్మ గాలం తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ చీర కుచ్చెళ్ళు దోపుకుంది, తాళాల గుత్తి నుంచి రబ్బరు రొయ్యను విప్పింది, "కొక్కెం ఎక్కడ దాచారు?" అని అడిగింది. జేబులోంచి తీసి ఇచ్చాను. మసేను ఒక్కసారే చూపించాడు. ఆవిడ విసిరింది. అది అల అవతల, ఫోనులో చూపించిన చోటే పడింది.

పావుగంట కాలేదు, గాలం వంగింది. బారెడు చేప. ఒడ్డున ఉన్నవాళ్ళంతా కేకలు పెట్టారు. మూడేళ్ళలో నేను పట్టినవి మొత్తం కలిపి ఒక పళ్ళెంలో పెట్టినా దాని పక్కన నిలవవు. ఆవిడ కొక్కెం తీసి, నీళ్ళలోకి దిగి, "పో తల్లీ" అని వదిలేసింది. వెనక్కి తిరిగి నా వైపు చూసి నవ్వింది. అలాంటి నవ్వు ఆ ముఖంలో చూసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు.

"సావుకారమ్మ సెయ్యి మంచిది" అన్నాడు మసేను. ఎందుకొచ్చావమ్మా అని ఆవిడని అడగనే లేదు. ఆ పూటంతా నా పని గొడుగు పట్టుకోవడం.

ఇంతటితో అయిపోతే బాగానే ఉండేది. తరవాతి లక్ష్మివారం డెలివరీ ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆవిణ్ణి పిలుస్తూ "మా, పార్సెల్ ఆసిచ్చి!" అని కేకేశాడు. నాలుగడుగుల పొడవు. మీద పేరు భారతీదేవి.

నేను మెట్లకి అడ్డంగా నిలబడ్డాను. ఇన్నేళ్ళకి నాకూ చెక్‌పోస్టు ఉద్యోగం వచ్చింది.

"ఏటిది? నాలుగోదే ఎక్కువన్నావు. ఇది ఐదోది. తిప్పి పంపించేయి!"

"ఇవాళ లచ్చివారం. ఇంట్లోకి వచ్చింది గుమ్మం దాటకూడదండీ."

"సరే, రేపు పంపించు."

"రేపు శుక్రవారం. శుక్రవారం పూట ఎవరైనా లచ్చిమిని బయటికి పంపుతారేటి?" అని నన్ను పక్కకి జరిపి పైకి వెళ్ళిపోయింది. నా మూడు గాలాలూ ఇప్పుడు పెరటి తలుపు వెనక ఉన్నాయి. వీధి తలుపు వెనక ఆవిడవి రెండు ఉన్నాయి.

పశ్చాత్తాపం లేదని మొదటే చెప్పాను కదా. ఆరోదానికి ఇవాళ పొద్దున్నే ఆర్డరు పెట్టేశాను. ఈసారి దాచే పని కూడా లేదు. చిరునామాలో మా ఆవిడ పేరే రాశాను, అదీ లక్ష్మివారానికే వస్తుంది. వచ్చాక ఆవిణ్ణి బతిమాలుకుని వాడుకోవాలి, అంతే.