తనంతట తాను నడిచే ఫైలు

"ఇకపై ఫైలును మనిషి ముట్టుకోడు. ఫైలే మనిషి దగ్గరికి నడిచి వస్తుంది!"

రెండువేల మూడులో మంత్రిగారు ధర్మవరం వచ్చి మైకులో ఈ ప్రకటన చేయగానే పట్టణ సౌకర్యాల కార్యాలయం చప్పట్లతో దద్దరిల్లింది. గేటు పక్కన జిరాక్స్ అంగడి నడుపుకునే నేనూ కొట్టాను. ఫైళ్లను ఒకరి తెర మీంచి ఇంకొకరి తెర మీదికి పంపే ఆ మహత్తర కంప్యూటరు పేరు వర్క్‌ఫ్లో ఇంజన్. దాన్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, ఆఫీసరు నాగభూషణం గారు రోజూ అగరుబత్తి వెలిగించేవారు.

అందులోకి ఎక్కిన మొదటి అర్జీ ఆఫీసు ఎదురింటి రత్నమ్మది. వీధి కాలువ పూడిపోయింది. గట్టి వాన పడితే మురుగు ఆమె మగ్గం గుంతలోకి దిగుతుంది. మగ్గం మీద సగం నేసిన పెళ్లి పట్టుచీర ఉంది. కాలువ మళ్లించమని ఆమె వేడుకోలు.

వారానికి వచ్చి అడిగింది. "సార్, నా అర్జీ యాడుండాది?"

"నడుస్తాండాదమ్మా!" తెర చూసి మురిసిపోయారు నాగభూషణం గారు. "క్లర్కు కాడ్నించి ఇంజనీరు కాడికి పోయింది. ఆయప్ప లీవు. దానంతట అదే నా కాడికొచ్చింది."

"మీరేం చేసినారు?"

"ముట్టుకోకూడదు గదమ్మా! మళ్లా క్లర్కు కాడికే పోయింది."

"మరి కాలువ?"

"ఇంజన్లో ఫైలు నడుస్తాది గానీ, కాలువ నడుస్తాదా?"

ఆ ఒక్క అర్జీ గానుగెద్దులా తిరుగుతుంటే, ప్రతి చుట్టునూ ఇంజన్ కొత్త ఫైలు కింద రాసుకుంది. నెల తిరిగేసరికి ఇంత పనిమంతుల ఆఫీసు జిల్లాలోనే లేదని తేలింది. పెనుకొండ సభలో మంత్రిగారు నాగభూషణం గారికి శాలువా కప్పారు. శాలువా మాత్రం తనంతట తాను కప్పుకోలేదు.

ఈలోగా రత్నమ్మ విసిగిపోయి తన గుమ్మం ముందు మట్టికట్ట వేసుకుంది. ఆ రాత్రే కుండపోత. కాలువ పొంగింది. కట్ట దగ్గర ఆగిన నీళ్లు ఇటు తిరిగి ఇంజన్ గది మెట్టెక్కాయి. కబురందగానే నాగభూషణం గారు ప్యాంటు మడిచి వీధిలోకి దూకారు.

"పారలు తేండప్పా! ఇంజన్ తడిస్తే నా ఉద్యోగం పోతాది! ఆ కట్ట తెంచండి!"

ప్రభుత్వం అంత చురుగ్గా కదలడం నేనెన్నడూ చూడలేదు.

"సార్, నా మగ్గం!" అని రత్నమ్మ అడ్డం పడింది. పారలు ఆగలేదు. నీళ్లు ఆమె ఇంట్లోకి దారి తీశాయి.

తెల్లారి రంగులు కలిసిపోయిన చీర ముక్క చేతబట్టుకుని ఆమె ఆఫీసుకు వచ్చింది. నాగభూషణం గారు వెలిగే ముఖంతో తెరను ఆమెవైపు తిప్పారు.

"నీళ్లు మళ్లించినామని ఒక్క ముక్క ఎక్కించినానమ్మా. మిగతాదంతా అదే చేసుకునింది."

తెర మీద ఇలా ఉంది: 'కోరిక: కాలువ మళ్లింపు. చర్య: మళ్లించబడినది. అర్జీదారు: సంతృప్తి చెందినారు.'