జక్కయ్య కూర్చోని కుర్చీ

ఆ సోమవారం ఉదయం జక్కయ్య చేయదలచుకున్న పనులు రెండే. ఒకటి, తిరుపతిరావుతో కలిసి కాఫీ తాగడం. రెండు, కుర్చీల మీద కూర్చోవడం.

రెండోది వినగానే సోమరిపోతు అనుకునేరు, కాదు. విజయవాడ వన్ టౌన్‌లో జక్కయ్యకు షామియానాల కొట్టు ఉంది. పెళ్లికైనా, దినానికైనా, పార్టీ మీటింగుకైనా పందిళ్లూ, కుర్చీలూ, గుండిగలూ, పెట్రోమాక్సు లైట్లూ అద్దెకిస్తాడు. బండికెత్తించే ముందు ప్రతి ఇనప మడతకుర్చీనీ విప్పి, తన భారీకాయాన్ని దాని మీద ధన్‌మని దించి, అటూ ఇటూ ఊగి, "ఊఁ" అని లేస్తాడు. ఆ "ఊఁ" పడని కుర్చీ కొట్టు గడప దాటదు. తనను మోసిన కుర్చీ కృష్ణా జిల్లాలో ఎవరినైనా మోస్తుందని అతని నమ్మకం. ఊరి నమ్మకం కూడా అదే కాబట్టి, అద్దె కాస్త ఎక్కువైనా జనం అతని దగ్గరికే వచ్చేవారు.

ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు పందిరి తాడు తట్టుకుని పడేవారు. అప్పుడు ఏం చెయ్యాలో మన ప్రాంతంలో ఒకరు చెప్పక్కర్లేదు. బత్తాయిలూ, హార్లిక్సు సీసా పట్టుకెళ్లి, మంచం పక్కన కూర్చుని, "అయ్యో, నా వల్లే కదండీ మీకింత కష్టం" అనాలి. పడ్డవాడు "భలేవాడివయ్యా! నీ తప్పేముంది? నేనే చూసుకోలా" అనాలి. ఆ తర్వాత ఇద్దరూ కాఫీ తాగాలి. దెబ్బ సగం అక్కడే మానిపోయేది. మిగతా సగం డాక్టరు చూసుకునేవాడు.

ఇంత చక్కటి ఏర్పాటును పాడుచేయడానికి ఆ ఉదయం హనుమయ్య వచ్చాడు. హనుమయ్య ఇన్సూరెన్సు ఏజెంటు. ఇన్సూరెన్సు కంపెనీలన్నీ సర్కారు పరమై ఏడాది దాటింది. అప్పటినుంచీ ఢిల్లీ నుంచి తనను ప్రత్యేకంగా పంపించినట్టే మాట్లాడుతున్నాడు.

"ఫైర్ పాలసీ తీసుకోండి జక్కయ్యగారూ. అంతా గుడ్డ సామానాయె. అగ్గిపుల్ల చాలు."

"నా కొట్లో చుట్ట కాల్చినవాణ్ణి నేనే కాల్చేస్తానని అందరికీ తెలుసండీ."

"పోనీ, దొంగతనం పాలసీ?"

"నా గుండిగ లేపాలంటే నలుగురు కావాలి. నలుగుర్ని కూడగట్టే దొంగ దొరికితే నేనే పన్లో పెట్టుకుంటా."

హనుమయ్య ఏమాత్రం నొచ్చుకోలేదు. సంచీలోంచి మూడో కాగితం తీశాడు. "అయితే ఇది అచ్చంగా మీకోసమే. పబ్లిక్ లయబిలిటీ. మీ సామాను వల్ల పరాయివాడికి దెబ్బ తగిలిందనుకోండి, వాడు మీ మీద కేసు పడేశాడనుకోండి. ఆ తలనొప్పి మాది. ప్లీడరూ మావాడే, డబ్బూ మాదే. మీ వెనకాల సాక్షాత్తూ గవర్నమెంటు నిలబడుతుంది."

పక్క బల్ల మీద తిరుపతిరావు కాఫీ ఊదుకుంటున్నాడు. ఎదుటి వరుసలో బెల్లం టోకు వ్యాపారి ఆయన. ఇరవై ఏళ్లుగా పొద్దున్నే జక్కయ్య కొట్టు బల్ల మీదే కాఫీ తాగుతాడు. ఇంట్లో కాఫీ లేక కాదు, ఇంట్లో జక్కయ్య ఉండడు కాబట్టి.

"తీసుకోవయ్యా జక్కయ్యా," అన్నాడు తిరుపతిరావు. "రోజులు బాగాలా. ఏ తలమాసినవాడో నీ కుర్చీలోంచి పడి, కొట్టు రాసిమ్మంటాడు."

స్నేహితుడే చెప్పాక ఇంకేముంది? జక్కయ్య సంతకం పెట్టాడు. సిరా ఆరి, తిరుపతిరావు తన కొట్టుకు వెళ్లాక హనుమయ్య షరతు బయటపెట్టాడు.

"ఎవరికేం జరిగినా తప్పు నాదని అనకూడదు. సారీ అనకూడదు. ఏమీ ఇవ్వకూడదు, ఇస్తాననకూడదు. మాకు కబురు పెట్టి నోరు మూసుకోవాలి. నోరు జారారా, పాలసీ గోవిందా!"

"మరి ఎదుటాయన మొహంలోకి చూస్తే?"

"'ఏం జరిగిందో విచారణలో తేలుతుంది' అనండి. అంతకు మించి ఒక్క ముక్క వద్దు."

జక్కయ్య ఆ వాక్యాన్ని చిన్నప్పుడు చర్చిలో జపాలు నేర్చుకున్నంత శ్రద్ధగా బట్టీపట్టాడు.

ఆ వారంలోనే కంకిపాడులో తిరుపతిరావు షష్టిపూర్తి. పందిరీ కుర్చీలూ జక్కయ్యవే అని వేరే చెప్పాలా? బండి వచ్చింది. జక్కయ్య అలవాటుగా మొదటి కుర్చీ విప్పి కూర్చున్నాడు. కూర్చున్నాక ఒక ఆలోచన వచ్చింది. ఆలోచనలు రావడం అతనికి కొత్త, అందుకే గౌరవించాడు. గవర్నమెంటంతటిది వెనకాల నిలబడి ఉండగా తను ఒక్కొక్క కుర్చీ మీదా కూర్చుని నడుం విరగ్గొట్టుకోవడం దేనికి?

"ఎత్తండర్రా," అన్నాడు లేచి. ఇరవై ఏళ్లలో "ఊఁ" పడకుండా గడప దాటిన కుర్చీలు అవే.

కంకిపాడులో క్రతువంతా సవ్యంగా జరిగింది. దంపతులు పీటల మీంచి లేచారు. అక్షింతలు వేయించుకోవడానికి ఎర్ర మఖమలు సోఫా ఒకటి సిద్ధంగా ఉంది. మెడలో దండతో తిరుపతిరావు దాన్ని చూసి మొహం చిట్లించాడు.

"నాకెందుకర్రా ఈ నాటకాల సోఫా! జక్కయ్య కుర్చీ వెయ్యండి. ఆ మనిషి కూర్చుని చూసిన కుర్చీకి మించిన సింహాసనం ఉందా?"

కుర్చీ వేశారు. తిరుపతిరావు జక్కయ్య వైపు చూసి నవ్వి, దర్జాగా కూర్చున్నాడు. మడత దగ్గర సీల ఎప్పుడు ఊడిందో ఏమో, కుర్చీ కాళ్లు తలో దారీ పట్టాయి. అరవై ఏళ్లు నిండిన మనిషి దండతో సహా నేలకూలాడు. కుడిచెయ్యి కిందపడి పుటుక్కుమంది. పందిరంతా ముందు అదిరిపడింది, తర్వాత నవ్వింది. అక్షింతలు పట్టుకున్న ముసలమ్మ ఒకావిడ, ఎందుకైనా మంచిదని, పడ్డచోటే వేసేసింది.

తిరుపతిరావు కూడా నొప్పిలోనే నవ్వాడు. నవ్వుతూ జక్కయ్య కోసం చూశాడు. జక్కయ్య అప్పటికే పరుగెత్తుకొచ్చి పక్కన చతికిలపడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయ్యో రావుగారూ, నా..." అంటూ నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోకి హనుమయ్య వచ్చి కూర్చున్నాడు. జక్కయ్య నోరు మూశాడు. మళ్లీ తెరిచి, గంభీరంగా అన్నాడు:

"ఏం జరిగిందో విచారణలో తేలుతుంది."

తిరుపతిరావు నవ్వు ఆగిపోయింది.

మర్నాడు చెయ్యి కట్టుతో ఆయన విజయవాడ నర్సింగ్‌హోములో ఉన్నాడు. జక్కయ్య హనుమయ్య దగ్గరికి పరుగెత్తాడు. "చూసి రావచ్చాండీ?"

"చూడండి. చూడ్డం తప్పొప్పుకోవడం కాదు. కానీ పళ్లు తీసుకెళ్లకండి. పళ్లిస్తే ఒప్పుకున్నట్టే."

ఆస్పత్రిలో ఉన్న స్నేహితుడి దగ్గరికి చేతులూపుకుంటూ ఎలా వెళ్లడం? జక్కయ్య వెళ్లలేకపోయాడు. కానీ ఇంట్లో భార్య అమలమ్మ ఉంది. ఆమెకు ఏ పాలసీ లేదు. హార్లిక్సు సీసా కొని, రిక్షా ఎక్కి, బయల్దేరింది. సంగతి తెలిసిన జక్కయ్య పంచె ఎగ్గట్టి రిక్షా వెంట పడి, నర్సింగ్‌హోము మెట్ల దగ్గర అందుకున్నాడు.

"ఆ సీసా ఇటివ్వవే!"

"ఛీ, వదలండి! అన్నయ్యగారు చెయ్యి విరిగి పడుంటే హార్లిక్సు కూడా ఇవ్వనివ్వరా? మనుషులేనా మీరు?"

"ఇది హార్లిక్సు కాదే, సాక్ష్యం!"

ఆవిడ ఇటు లాగింది, ఈయన అటు లాగాడు. సీసా జారి మెట్ల మీద భళ్లుమంది. ఆ చప్పుడుకు తిరుపతిరావు భార్య రామతులసి కిటికీలోంచి తొంగిచూసింది. ఆమె చూసింది చూసినట్టే లోపలికెళ్లి భర్తకు చెప్పింది. "మీకిస్తానని వదిన తెస్తుంటే, లాక్కుని పగలగొట్టాడండీ మీ జక్కయ్య." ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు పాపం.

ఆదివారం చర్చిలో అందరూ గుండెలు బాదుకుని ఎవరి తప్పులు వారు ఒప్పుకునే జపం వచ్చింది. జక్కయ్య పెదాలు బిగించి నిలబడ్డాడు. ముందు వరుసలో ఇన్సూరెన్సు ఆఫీసు టైపిస్టు తెరేసమ్మ ఉంది మరి. ఫాదర్ అతని వంకే చూశాడు. చర్చి జనమంతా చూశారు. పాపం లేనివాణ్ణని ప్రకటించుకున్న ఏకైక విశ్వాసిగా జక్కయ్య ఇల్లు చేరాడు.

తిరుపతిరావుకు డబ్బు అక్కర్లేదు. నలుగురి దగ్గరా అదే అన్నాడు. "వచ్చి ఒక్క మాట అనమనండి. నా చెయ్యి విరిగినందుకు కాదు నా బాధ." ఈ మాట చెవినపడ్డ రోజు జక్కయ్యకు అన్నం సహించలేదు. ఎలాగైనా స్నేహితుడికి మేలు చెయ్యాలి. ఎలా? హనుమయ్యే దారి చూపించాడు. తిరుపతిరావు కేసు వేస్తే చాలు, వైద్యం ఖర్చూ, నష్టపరిహారం అన్నీ కంపెనీ ఇచ్చుకుంటుంది. జక్కయ్య జేబులోంచి పైసా కదలక్కర్లేదు, ఆయనకూ న్యాయం జరుగుతుంది. జక్కయ్య ముఖం వెలిగిపోయింది.

"అయితే మీరే వెళ్లి చెప్పండి హనుమయ్యగారూ. నా మీద వెంటనే కేసు వేసుకోమన్నానని చెప్పండి. ఏమీ మొహమాటపడొద్దనండి. ఎంత పెద్ద కేసయితే నాకంత సంతోషం అనండి."

హనుమయ్య బాధ్యత గల మనిషి. ఏ ముక్కా వదలకుండా చెప్పాడు. ఆ డబ్బు కంపెనీ ఇచ్చుకుంటుందని మాత్రం చెప్పలేదు. పాలసీ ఉందని ఎదుటివాడికి చెప్పకూడదని ఇంకో షరతుందట. షరతులు అతనికి అప్పుడప్పుడు గుర్తొచ్చేవి. మొన్న బల్ల మీద జరిగిన బేరం తిరుపతిరావుకు గుర్తులేక కాదు. కాని ఆ క్షణాన ఆయనకు వినిపించింది ఒకటే: కేసు వేసుకోమన్నాడు, సంతోషమన్నాడు.

"అంత మాటన్నాడా?" అన్నాడు తిరుపతిరావు. ఎడంచేత్తో కండువా సర్దుకుని, ప్లీడరింటికి రిక్షా పిలిపించాడు.

మధ్యాహ్నానికి సంగతి వన్ టౌన్ అంతా పాకింది. 'జక్కయ్య కుర్చీ విరిగి పడితే కేసు వేసుకోమంటాడట. ప్రాణస్నేహితుడికే దిక్కులేదు, మనమెంత?' మంగళగిరి పెళ్లివారు పందిరి వద్దన్నారు. ఆ వెనక మరొకరు, ఆ వెనక ఇంకొకరు. పండగ పందిరికి ఫాదర్ కూడా వేరే కొట్టుకు కబురంపాడు. ముహూర్తాల రోజుల్లో బేరం లేని షామియానా కొట్టు ఎలా ఉంటుందో ఎవరూ చూసి ఉండరు. జక్కయ్య రోజూ అందులోనే కూర్చునేవాడు.

అతన్ని తినేసింది బేరాలు పోవడం కాదు. హోటలు నుంచి పొద్దున్నే అలవాటుగా రెండు గ్లాసుల కాఫీ వచ్చేది. వద్దని చెప్పడానికి నోరు రాలేదు. ఒకటి తాగేవాడు, రెండోది బల్ల మీద చల్లారేది. ఎదుటి వరుసలో తిరుపతిరావు మెడకు చెయ్యి వేలాడేసుకుని, బెల్లం దిమ్మల మధ్య గోడవైపు తిరిగి కూర్చునేవాడు.

ఒక ఉదయం జక్కయ్య ఆ రెండో గ్లాసు వంక చూస్తూ చూస్తూ పసిపిల్లాడిలా ఏడ్చాడు. "పాలసీ తగలడ!" అని లేచాడు. గ్లాసు చేత్తో పట్టుకునే వీధి దాటి, గుమాస్తాలూ బేరగాళ్లూ చూస్తుండగా తిరుపతిరావు ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదే రావుగారూ. ఆ కుర్చీ మీద నేను కూర్చోలా. ఏ కుర్చీ మీదా కూర్చోలా. ఇన్సూరెన్సు ఉంది కదా అని ఒళ్లు బలిసి పంపించేశా. మీరు నన్ను నమ్మి కూర్చున్నారు. క్షమించండి. నాకు మీరు కావాలండీ."

తిరుపతిరావు గోడ మీంచి చూపు తిప్పాడు. కళ్లు చెమ్మగిల్లాయి. ఎడంచెయ్యి తనంతట తానే గ్లాసు కోసం ముందుకొచ్చింది. "ఓరి పిచ్చి..." అని నోరు తెరిచాడు.

కేసు కాగితాల మీద సంతకాల కోసం వచ్చిన ప్లీడరు గుమాస్తా వెనకనుంచి చిన్నగా దగ్గాడు. నిన్ననే ప్లీడరు గట్టిగా చెప్పాడు. కేసు నడుస్తున్నన్నాళ్లూ ప్రతివాదితో ఒక్క మాట మాట్లాడకూడదు, వాడి చేత్తో ఏమీ పుచ్చుకోకూడదు. రాజీపడ్డాడంటారు.

చాచిన చెయ్యి వెనక్కి పోయింది. తిరుపతిరావు నోరు మూశాడు. మళ్లీ తెరిచి, ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టు అన్నాడు:

"ఏం జరిగిందో విచారణలో తేలుతుంది."

సాయంత్రం హనుమయ్య రొప్పుతూ వచ్చాడు. "మీకేమైనా మతిపోయిందా జక్కయ్యగారూ! వీధిలో అంతమంది ముందు తప్పొప్పుకుంటారా? పైగా కుర్చీలు చూడకుండా పంపానని కూడా చెప్తారా? కంపెనీ చేతులు కడిగేసుకుంది. ఇక మీ కేసు మీరే చూసుకోండి." వెళ్తూ వెళ్తూ, ప్రస్తుతం వీధిలో అందరికీ ఈ పాలసీ మీద ఆసక్తి పెరిగిందనీ, తిరుపతిరావుగారు కూడా వివరాలడిగారనీ చెప్పి వెళ్లాడు.

మర్నాడు ఉదయం జక్కయ్య కొట్టులోని కుర్చీలన్నీ బయట వేయించి, మొదటిదాని మీద ధన్‌మని కూర్చుని, అటూ ఇటూ ఊగి, "ఊఁ" అని లేచి, రెండోదాని దగ్గరికి నడిచాడు. అద్దెకడిగేవాళ్లు ఎవరూ లేరు గనుక, తొందరేమీ లేదు.