నతానియేలు సారు కణ విభజన

1956లో ఒక శనివారం పొద్దున నతానియేలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, తాను చందా కట్టే, మద్రాసు నుంచి వచ్చిన విజ్ఞాన పత్రికను చంకలో పెట్టుకోవాలి, కాలేజీకి పోయి ప్రిన్సిపాలు ఆనందరావు బల్లమీద దాన్ని తెరిచి పెట్టాలి. నంద్యాలలో వృక్షశాస్త్రం చెప్పే నతానియేలు ఏళ్ల తరబడి, ఆ ఊళ్లో ఎర్రగడ్డ అని పిలిచే ఉల్లి వేళ్ల కొసలు కోసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినికి కళ్లప్పగించి రాసిన తొలి వ్యాసం అందులో అచ్చయింది. పేరు 'ఉల్లి వేరులో కణ విభజన'.

గుండీలు పెట్టుకుంటూ పేజీ తిప్పినవాడు అక్కడే ఆగిపోయాడు. శీర్షిక కింద రచయితగా 'చెన్నకేశవులు, ఆళ్లగడ్డ' అని ఉంది. వ్యాసం చివర 'ఉల్లిగడ్డలు ఇచ్చి సాయపడిన నతానియేలుకు కృతజ్ఞతలు' అని ఉంది. నిజానికి ఉల్లిగడ్డలు ఇచ్చిన రైతు చెన్నకేశవులు. అచ్చాఫీసులో ఇద్దరి పేర్లూ తారుమారయ్యాయి.

"ఈళ్ల అచ్చాఫీసు కాలిపోనూ!" అని అరిచాడు.

భార్య కమలమ్మ వచ్చి చూసి, "పేరైతే వేసినారు కదా" అంది.

ఆమె ఆ మాట అనకుండా ఉండాల్సింది. నతానియేలు టిఫిను ముట్టకుండా బయటపడ్డాడు.

ఆనందరావు మొదటి పేజీ, చివరి పేజీ చూశాడు. "ఏమప్పా, ఎర్రగడ్డల యాపారం ఎప్పుడు పెట్టినావు?"

"రాసింది నేను సార్! అచ్చులో పేర్లు మారినాయి!"

"అదే మాట ఆ చెన్నకేశవులు చేత రాయించుకోని రా. నీ అంతట నువ్వు చెప్పుకుంటే పత్రికోళ్లు నమ్ముతారా?"

ఆళ్లగడ్డ బస్సులో నతానియేలు పళ్లు నూరుతూ కూర్చున్నాడు. శిరివెళ్లలో ఎక్కిన పెద్దాయన పాపం, "పన్నునొప్పా నాయనా?" అని అడిగి తిట్లు తిన్నాడు.

చెన్నకేశవులు ఇంటిముందు జనం మూగి ఉన్నారు. రచయితకు పంపే ప్రతి నేరుగా అక్కడికే వచ్చింది. ఇంట్లో ఎవరికీ చదువు రాదు. టపా తెచ్చినాయన పైనున్న పేరు, శీర్షిక, అడుగునున్న పేరు చదివి తన దారిన పోయాడు. ఆ కాస్తా చాలింది. చెన్నకేశవులు అన్న శేషయ్య పత్రికను గాల్లో ఊపుతున్నాడు.

"వేరు అని ఉండాది, విభజన అని ఉండాది, పైన నీ పేరుండాది! నాకు మాటైనా చెప్పకుండా వేరు పోతాండావా? మద్రాసులో అచ్చేయిస్తావా?"

"నాకేం తెలీదన్నా, అమ్మతోడు!"

"అడుగున సాక్షి గూడా ఉండాడు. ఎవడా నతానియేలు?"

"నేనే!" అన్నాడు నతానియేలు జనాన్ని తోసుకొస్తూ. "ఆ విభజన నాది! మొత్తం నేనే చేసినా!"

శేషయ్య వచ్చి ఆయన ఇస్త్రీ చొక్కా పట్టుకున్నాడు. "మా భూమి పంచేదానికి నువ్వెవడప్పా?"

"భూమి యాడుందయ్యా, అది ఎర్రగడ్డ! నీ తమ్మునికి దాంట్లో ముక్క తెలీదు. ఊరికే గడ్డలిచ్చినాడు, అంతే! ఆ మాటే నాకు రాసియ్యమను!"

అంతవరకు వణుకుతున్న చెన్నకేశవులుకు రోషం పొడుచుకొచ్చింది. "ఊరికేనా? చేనంతా ఏరి మంచివి తెచ్చిస్తే ఊరికేనా? పో సారూ, నేను ఏమీ రాసియ్యను. నా పేరే ఉండనీ!"

"ఒప్పుకున్నాడు, చూడండప్పా!" అని శేషయ్య గావుకేక పెట్టాడు.

లోపలినుంచి ఆయన భార్య రామలక్ష్మమ్మ గరిటెతో సహా వచ్చింది. "ఒప్పుకుంటే మంచిదే కదా! వేరు పోదాం, తమ్మునితో ఎట్ల చెప్పాల అని నా పానం తీస్తాండేది నువ్వు కాదా?"

శేషయ్య చెయ్యి చొక్కామీంచి జారిపోయింది.

"నిజమా అన్నా?" అన్నాడు చెన్నకేశవులు. "నాకూ ఎప్పట్నుంచో ఉండాది. నీకు చెప్పాలంటే భయం."

అన్నదమ్ములు ఒకర్నొకరు చూసుకుని నవ్వారు. మధ్యాహ్నానికి పెద్దమనుషులు కూర్చున్నారు. మెట్ట, మాగాణి, ఎద్దులు, గడ్డివాము అన్నీ ఒక్క పెద్దమాట లేకుండా రెండయ్యాయి. సాక్షి కావాలనగానే అందరూ నతానియేలు వైపు చూశారు.

"మీ ఇంటి పంపకాలతో నాకేం పని? పెట్టను!" అని ఎగిరాడు నతానియేలు.

"దోవ చూపించింది నువ్వే కదా సారూ. నువ్వు సంతకం పెట్టు, నీ కాగితం మీద నేనూ ఏలిముద్ర ఏస్తా" అన్నాడు చెన్నకేశవులు.

నతానియేలు కలం పాళీ వంగేంత కసిగా సంతకం పెట్టాడు.

తరువాతి సంచికలో పత్రికవాళ్లు మన్నింపు కోరుతూ సవరణ వేశారు. అసలు రచయిత ఆళ్లగడ్డ వాస్తవ్యులు శ్రీ నారాయణేలు అని.

ఆ ఏడాది మొత్తమ్మీద నతానియేలు పేరు తప్పు లేకుండా, ఉండాల్సిన చోట ఉన్న పత్రం అన్నదమ్ముల పంపకాల పత్రం ఒక్కటే.