బ్యాక్టీరియా పెరగని జిల్లా

వార్సినీ గుడ్ల కోసం పెంచే మూడు వందల కోళ్లలో పద్నాలుగు చచ్చిపోయిన రోజునే, తమది కోళ్ల రోగాల్లేని జిల్లా అని పశుసంవర్ధక శాఖాధికారి దర్సోనో గారు ప్రకటించారు. రుజువు కోసం మరునాడు కొత్త ల్యాబు తెరిచారు. ముందు ఫలితం, తర్వాత పరీక్ష. ఇంత ముందుచూపున్న అధికారి తూర్పు జావాలో మరొకరు లేరు.

వార్సినీ చచ్చిన కోడినొకదాన్ని సంచిలో వేసుకుని ప్రారంభోత్సవానికి ముందే వెళ్లింది. దాని తల మీది ఎర్ర జుట్టు నీలంగా మారింది, రెట్ట ఆకుపచ్చగా ఉంది. ల్యాబ్ టెక్నీషియన్ రత్రి కోడిని కోసి, కాలేయంలోంచి కాస్త నమూనా తీసి, క్రిములను పెంచే ప్లేటు మీద గీసింది.

"కోడి కలరాలా ఉంది ఇబూ," అంది, వార్సినీని అమ్మా అన్నట్టు పిలుస్తూ. "కానీ చూపుతో చెప్పకూడదు. ఒక రోజు ముప్పై ఏడు డిగ్రీల వేడిలో ఉంచితే క్రిమి పెరుగుతుంది. అదేమిటో, ఏ మందుకు చస్తుందో అప్పుడు చెప్తా."

"అందాకా నా కోళ్లు ఆగుతాయా తల్లీ?"

"ఆగమని మీరే బతిమాలాలి."

ప్లేటు వేడి నిలిపే ఇంక్యుబేటర్ పెట్టెలోకి వెళ్లింది. ఎర్ర లైటు వెలిగింది. ఇంతలో దర్సోనో గారు రిబ్బను కత్తిరించి మైకు అందుకున్నారు. మైకు మోగలేదు. గదిలో ఉన్న ప్లగ్ పాయింట్ ఒక్కటే.

"ఆ పెట్టె ప్లగ్గు తీసేయండి."

"బపాక్, అందులో నమూనా ఉంది..." అంటూ రత్రి అయ్యగారిని ఆపబోయింది.

"నేను మాట్లాడబోయేది ఆ పెట్టె గురించేనమ్మా! దాని గొప్పతనం జనానికి వినపడొద్దూ?"

గంటన్నర సేపు ఇంక్యుబేటర్ గొప్పతనం ఊరంతా వినపడింది. ఆ తర్వాత పాటలు. వార్సినీ కూడా చప్పట్లు కొట్టింది. కొట్టనివాళ్ల పేర్లు రాసుకునే మనిషి ఆమె పక్కనే కూర్చున్నాడు.

మరునాటికి ఇంకో తొమ్మిది కోళ్లు పోయాయి. ఒకదాన్ని సంచిలో వేసుకుని ఆమె వెళ్లేసరికి, దర్సోనో గారు ప్లేటును వెలుతురులోకి ఎత్తి పట్టుకుని మురిసిపోతున్నారు.

"చూశారా ఇబూ! ఒక్క చుక్క మొలవలేదు. మన జిల్లాలో పెరగడానికి బ్యాక్టీరియాకు ధైర్యం చాల్లేదు!"

"మరి నా కోళ్లెందుకు చచ్చాయి బపాక్?"

"అది వాటి వ్యక్తిగత విషయం."

ఆయన ధ్రువపత్రం మీద సంతకం చేసి వెళ్లిపోయారు. రత్రి గోడ వైపు చూసింది. ప్లగ్ పాయింట్‌లో మైకు తీగ అలాగే ఉంది.

"తీసేయొచ్చుగా తల్లీ?"

"గురువారం దాకా తీయొద్దన్నారు. ల్యాబు విజయానికి సన్మాన సభ ఉందట."

వార్సినీ సంచి విప్పి రెండో కోడిని బల్ల మీద పెట్టింది. మిగిలిన వాటికి ఏ మందు వేయాలో ఇంకా తేలలేదు.