సున్నా బై సున్నా వారి రిసెప్షన్

ఆ రోజు పొద్దున ప్రణీత్ అనుకున్నది చిన్న పనే. ఉప్మా తిని, ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, తమ మొదటి స్టూడియో ఆల్బమ్‌ను లోకం మీదికి వదలాలి. లోకం అడగలేదు. అయినా వదలాలి.

ఏడాదిగా ఇంట్లో "గ్రూప్ పనిమీద పోతున్న" అనే చెబుతున్నాడు. ప్లాట్లు అమ్మే తండ్రి పాండురంగం దాన్ని గ్రూప్ టూ కోచింగ్ అనుకున్నాడు. నిజానికది 'సున్నా బై సున్నా' అనే ప్రయోగాత్మక హిప్‌హాప్ గ్రూప్. దిల్‌సుఖ్‌నగర్ కిరాయి గదిలో ప్రణీత్ గొణుగుతాడు. స్నేహితురాలు వర్ష బోరు మోటారు చప్పుడూ, కుక్కర్ విజిళ్లూ రికార్డు చేసి ఆ గొణుగుడు వెనక అతికిస్తుంది. వాళ్లు దాన్ని కళ అంటారు. కింది ఇంటివాళ్లు రిపేరు అనుకుంటారు.

"ఈ నెల దాటితే కోచింగ్ బంద్. వచ్చి ఆఫీసుల కూసో" అని తండ్రి ముందే చెప్పేశాడు. ఆల్బమ్‌కు పేరొస్తే ఆ గండం తప్పుతుందని ప్రణీత్ ఆశ.

చెప్పులు వేసుకుంటూ ఫోన్లో అన్నాడు: "వర్షా, ఆల్బమ్ అయితే అయిపోయింది. ఇగ రిసెప్షన్ ఎట్లుంటదో. అది మంచిగ లేకుంటే నా బతుకు ఆగమే."

తల్లి ఆండాలు చేతిలో గరిటె ఆగిపోయింది. పై వాటాలో ఉండే గుంటూరు కుసుమకుమారి దగ్గరికి పరుగెత్తింది.

"ఆల్బమ్ కూడా వచ్చేసిందా? అయితే పెళ్లెప్పుడో అయిపోయినట్టేనండీ!" అంది కుసుమకుమారి, ఎంతో బాధగా, ఎంతో సంతోషంగా. మధ్యాహ్నానికి ఆ వార్త వాళ్లుండే వనస్థలిపురం దాటింది.

సాయంత్రం పాండురంగం కోపం మింగి కొడుకును కూర్చోబెట్టాడు. బంధువుల్లో పరువు ముఖ్యం.

"రిసెప్షన్ మంచిగుండాల్నా?"

ప్రణీత్ కళ్లు చెమర్చాయి. "నీకు తెల్సిందా నాన్న? అదే నా లైఫ్."

"ఆ వర్షనేనా?"

"ఆమె లేకుంటే ఆల్బమే లేదు."

"చాటుగ చేసినవ్ గదరా!"

"చెప్తే ఒప్పుకోవని..."

"సరే. ఆదివారానికి హాలు బుక్ చేసిన."

తండ్రిలో ఇంత కళాభిమానం ఉందని ప్రణీత్‌కు తెలియదు. పాండురంగానికీ తెలియదు.

ఆదివారం ఎల్బీ నగర్ హాలు నిండా బంధువులు. వేదిక మీద సింహాసనాల్లాంటి కుర్చీలు రెండు. తమ స్థాయికి తగినట్టే ఉన్నాయనుకున్నాడు ప్రణీత్. వర్ష చిరుగుల జీన్స్‌లో లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఆండాలు ఆమె చేతిలో పట్టుచీర పెట్టింది.

"గిది కట్టుకో బిడ్డా, జల్ది."

"ఎందుకాంటీ? మేం ఇట్లనే పాడ్తం."

ఆల్బమ్ మొదలైంది. బోరు మోటారు మూలిగింది. కుక్కర్ అరిచింది. "నేనెవరు? నేనెవరు?" అని ప్రణీత్ గొణిగాడు. అది అక్కడ అందరికీ తెలిసిన సంగతే. మైకు సెట్ పాడైందనుకుని పాండురంగం వాళ్లన్న లింగస్వామి వైరు పీకేశాడు. హాలంతా చప్పట్లు. ప్రణీత్ వంగి నమస్కరించాడు.

"ఇదేందిరా? పెండ్లి రిసెప్షనేది?" అన్నాడు పాండురంగం.

"ఏం పెండ్లి? ఇది సున్నా బై సున్నా ఆల్బమ్ నాన్న!"

"అదేం సర్వే నంబర్‌రా?"

వర్ష లాప్‌టాప్ మూసింది. "వీనితోని పెండ్లా? వీడు బీట్ మీదనే నిలబడడు అంకుల్."

బంధువులంతా చూస్తున్నారు. చెరువులో ప్లాట్లను లేక్ వ్యూ అని అమ్మిన మనిషి పాండురంగం. వైరు పెట్టించి మైకు అందుకున్నాడు.

"అందరికీ దండం. రిసెప్షన్ అంటే గిదే. రేపటి సంది మావోడు మన ఆఫీసు రిసెప్షన్‌ల కూసుంటడు!"

ఈసారి చప్పట్లు తక్కువే. జనం అప్పటికే బిర్యానీ వైపు లేచారు. పెళ్లికొడుకు కోసం తెచ్చిన దండ మాత్రం ప్రణీత్ మెడలో పడింది.

వెళ్తూ వెళ్తూ లింగస్వామి తమ్ముడి భుజం తట్టాడు.

"రిసెప్షన్ మంచిగైంది తమ్మీ. ఆల్బమ్ వచ్చినంక ఒకసారి చూపియ్యి."