నూటికి నూరు శాతం

మన లీగ్ నుంచి విదేశంలోని బలమైన లీగ్‌కు వెళ్లిన ఫుట్‌బాల్ ఆటగాళ్లు నూటికి నూరు శాతం విజయం సాధించారని క్రీడామంత్రిగారు ప్రకటించారు. వెళ్లింది ముగ్గురు. అందులో ఒకడు మా అక్క కొడుకు కావడంతో మా ఇంటిల్లిపాదికీ కాలు నేల మీద నిలవలేదు.

సెలవుకొచ్చిన వాడి పెట్టె తెరిచి అక్క మాత్రం కంగారుపడింది. పదేళ్లు వాడి బట్టల బురద వదిలించిన చేతులవి.

"ఇదేంట్రా, జెర్సీకి ఒక్క మట్టి మరకా లేదు?"

"దింపితేగా అమ్మా! ఎనిమిది నెలలుగా బెంచీ మీదే ఉన్నాను. ఇంకో ఏడాది ఇలాగే కూర్చుంటే కాళ్లు ఆట మరిచిపోతాయి. మన పాత క్లబ్బు వాళ్లు రమ్మంటున్నారు. కానీ నన్ను పంపింది ప్రభుత్వ పథకం. శాఖ అనుమతివ్వాలి."

మర్నాడే అక్కా నేనూ క్రీడాశాఖ డైరెక్టర్‌గారి గదికి వెళ్లాం. ఆయన ఎంత చురుకైన మనిషంటే, మేం చెప్పకముందే అంతా అర్థం చేసుకున్నారు.

"మేడమ్, మీవాడు ఆడి ఓడిన మ్యాచ్ ఒక్కటి చెప్పండి."

"ఆడితే కదండీ ఓడటానికి!"

"చూశారా! రెడ్ కార్డు లేదు, గాయం లేదు. ఇంత క్లీన్ రికార్డు ఎవరికుంది? పైగా మా లెక్కలో తిరిగి రానివాడే సక్సెస్. మీవాడొచ్చేస్తే నూరు కాస్తా అరవై ఆరవుతుంది. మంత్రిగారికి నా ముఖమెలా చూపించను?"

"మీ శాతాలు నేనేం చేసుకోను? నా కొడుక్కి ఆట కావాలి," అని అక్క కుర్చీలో బైఠాయించింది. ఆఫీసు మూసే వేళైనా లేవలేదు.

చివరికి మంత్రిగారే వచ్చారు. నిమిషంలో తేల్చేశారు.

"కుర్రాడు తిరిగి రాకూడదు. ఇంకా బలమైన లీగ్‌కు వెళ్లాలి. అంతేగా?"

"ఏ లీగ్‌కు సార్?" అన్నారు డైరెక్టర్‌గారు.

"మనదానికి."

గంటలో ఉత్తర్వు వెలువడింది. ఇవాళ్టి నుంచి మన లీగే వాళ్ల లీగ్‌కన్నా బలమైనది. ఇంత తేలిక పని ఇన్నేళ్లూ ఏ ప్రభుత్వానికీ తట్టకపోవడం ఆశ్చర్యం.

నెల తిరక్కుండా మావాడు పాత క్లబ్బులో చేరాడు. మొదటి మ్యాచ్‌కి మేం ముందు వరసలో కూర్చున్నాం. ఎనభై నిమిషాలు గడిచాయి. మన జట్టు నాలుగు గోల్స్ వెనకబడింది. మావాడు మాత్రం బెంచీ మీద నుంచి లేవలేదు.

అక్క ఆగలేక కంచె దగ్గరికి వెళ్లి కోచ్‌ని పిలిచింది.

"ఏమయ్యా, మావాణ్ని ఎప్పుడు దింపుతావ్?"

"తొందరపడకండమ్మా," అన్నాడు కోచ్ ఎంతో మర్యాదగా. "చిన్న లీగ్ నుంచి వచ్చాడు కదా. మన స్థాయి అందుకోవడానికి ఒక సీజన్ పడుతుంది."